డూమ్ ఆటల్లో ఏది మేలు: పాతదా, కొత్తదా?

రాక్షసులను కాల్చి చంపే వీడియో గేమ్ డూమ్ సిరీస్‌లో ఏది గొప్పదన్న వాదన మొదలైతే మాట ఎక్కువగా గ్రాఫిక్స్ మీదికో, తుపాకుల మీదికో, సంగీతం మీదికో పోతుంది. నేను ఒక్క ప్రశ్నతో కొలుస్తాను. ప్రాణం పది శాతానికి పడిపోయింది, ఎదురుగా ఇంకా నలుగురు రాక్షసులున్నారు. అప్పుడు ఆట మనల్ని ఏం చెయ్యమంటుంది? 1993 నుంచి 2025 దాకా వచ్చిన పెద్ద డూమ్‌లన్నీ దీనికి తలో జవాబు చెప్పాయి. ఆ జవాబు తెలిస్తే ఆ ఆట మనకు పడుతుందో లేదో చాలావరకు తెలిసిపోతుంది.

1993 డిసెంబర్ 10న ఐడీ సాఫ్ట్‌వేర్ విడుదల చేసిన మొదటి డూమ్ చెప్పే జవాబు: పారిపో, తర్వాత చూసుకుందాం. ఇందులో ప్రాణం దానంతటది పెరగదు. చిన్న మందుపెట్టె దొరికితే 10, పెద్దది దొరికితే 25 పెరుగుతుంది. ప్రాణం నిండుగా ఉన్నప్పుడు వాటిని తీసుకోవడం కుదరదు, అవి అక్కడే ఉండిపోతాయి. కాబట్టి ఆపద వచ్చినప్పుడు, రెండు గదుల అవతల మెట్ల పక్కన వదిలేసి వచ్చిన పెట్టె గుర్తుకు రావాలి. అక్కడికి చేరే దారిలో ఏ తలుపు తెరిచి ఉందో, ఎవరు బతికే ఉన్నారో కూడా గుర్తుండాలి. పైకి కాల్పుల ఆటలా కనిపించినా, లోపల ఆడేది దారులు, మలుపులు గుర్తుపెట్టుకునే ఆట.

అందులో కాళ్లదే పెత్తనం. ఎగరడం లేదు, పైకీ కిందికీ గురిపెట్టడం లేదు. రాక్షసుడు ఎంత ఎత్తులో ఉన్నా, తుపాకీ అటు తిరిగి ఉంటే చాలు, ఆటే గురి చూసుకుంటుంది. ఐడీ ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ రాసిన ఇంజిన్‌లో (ఆటను నడిపే ప్రోగ్రామ్‌లో) ఒక గది మీద ఇంకో గది ఉండే వీలే లేదు. ఈ హద్దులే ఆటకు మేలు చేశాయి. మన ధ్యాసంతా ఎక్కడ నిలబడాలి, ఎటు జరగాలి అన్నదాని మీదే ఉంటుంది. ఇంప్ అనే రాక్షసుడు విసిరే నిప్పుముద్ద కంటికి కనిపించేంత నెమ్మదిగా వస్తుంది. పక్కకు రెండడుగులు వేస్తే తప్పిపోతుంది.

ఆ తప్పించుకోవడంలోనే పాత డూమ్‌లోకెల్లా గొప్ప ఆలోచన దాగి ఉంది. మనం పక్కకు జరిగినప్పుడు ఆ నిప్పుముద్ద మన వెనకున్న పింకీ అనే రాక్షస మృగానికి తగిలిందనుకోండి, పింకీ మనల్ని వదిలేసి ఇంప్ మీద పడుతుంది. తూటాలు నాలుగే మిగిలినా, సరైన చోట నిలబడితే సగం పని వాళ్లే చేసిపెడతారు. దీని గురించి ఆట ఒక్క ముక్క కూడా చెప్పదు. మనంతట మనం కనిపెట్టాల్సిందే. కనిపెట్టిన రోజున కలిగే ఆనందం కొత్త డూమ్‌లలో నాకు అంతగా దొరకలేదు.

1994లో వచ్చిన డూమ్ 2 ఇంజిన్‌ను అలాగే ఉంచి, ఆటను బాగా పదునెక్కించింది. సూపర్ షాట్‌గన్ అనే కొత్త తుపాకీ వచ్చింది. దానికి సమాధానంగా ఆర్చ్-వైల్ అనే రాక్షసుడు వచ్చాడు. వాడి కంటికి కొద్ది సెకన్లు కనిపిస్తే మంట అంటుకుంటుంది. ఆ లోపు స్తంభం చాటుకు చేరితే బతికిపోతాం. చాటున దాక్కుంటే మాత్రం వాడు ఊరుకుంటాడా? మనం చంపినవాళ్లను ఒక్కొక్కరినే లేపుకుంటూ పోతాడు. పరుగెత్తాలా, దాక్కోవాలా, ఎదురెళ్లాలా అన్న టెన్షన్‌ను ఒక్క శత్రువుతో పుట్టించడం మామూలు విషయం కాదు.

లోపాలూ ఉన్నాయి. రంగు తాళంచెవుల కోసం ఖాళీ గదుల్లో తిరగడం విసుగనిపిస్తుంది. తుపాకీ పట్టిన సైనికుల తూటాలు పేల్చిన క్షణంలోనే తగులుతాయి, తప్పించుకునే నైపుణ్యం వాళ్ల దగ్గర పనికిరాదు. డూమ్ 2 మధ్యలోని నగరపు లెవెల్స్ కొన్ని అనవసరంగా సాగాయని నా అభిప్రాయం.

2004లో వచ్చిన డూమ్ 3 దారి పూర్తిగా వేరు. ఆపదలో ఏం చెయ్యమంటుందంటే, మెల్లగా నడువు, మూలలు తొంగి చూడు అంటుంది. మందుపెట్టో, గోడకు అమర్చిన వైద్య యంత్రమో కనిపించేదాకా ప్రాణం కాపాడుకోవాలి. ఇక్కడ ఎక్కువసేపు పరుగెత్తితే ఆయాసం వస్తుంది. డూమ్ అనే పేరు పెట్టుకున్న ఆటలో కాళ్లకు ఆయాసం! వెలుగునీడలను అప్పటికప్పుడు లెక్కగట్టి చూపించే కొత్త ఇంజిన్ చేతిలో ఉంది కాబట్టి, ఆటనంతా ఆ చీకటి చుట్టూ అల్లారు.

అందులో తిట్టినవాళ్లు ఎక్కువగా తిట్టింది టార్చిని. టార్చి పట్టుకుంటే తుపాకీ ఉండదు, తుపాకీ తీస్తే వెలుగు ఉండదు. నాకైతే ఆ ఆటలో ఉన్న అసలు విషయమే అది. ఏదో గురగుర వినిపిస్తుంది. టార్చి వేస్తే ఎక్కడుందో తెలుస్తుంది గానీ కాల్చలేం. తుపాకీ తీస్తే ఆ జాడను తలచుకుని చీకట్లోకి కాల్చాలి. 2012 నాటి బీఎఫ్‌జీ ఎడిషన్‌లో టార్చిని కవచానికే తగిలించి ఈ ఇబ్బంది తీసేశారు. దాంతో ఆట సులువైంది, భయం పోయింది. డూమ్ 3 ఆడదలుచుకుంటే పాత రూపంలోనే ఆడండి. అయినా అది మిగతావాటితో సాటి రాదు. మూలన పడున్న ఆర్మర్ (కవచం) తీసుకోగానే వెనక గోడ తెరుచుకుని ఒకడు బయటికి దూకడం మొదట్లో గుండె ఝల్లుమనిపిస్తుంది. కొన్ని గంటలు గడిచాక ఆర్మర్ కనిపిస్తే చాలు, ముందే వెనక్కి తిరిగి నిలబడతాం.

తర్వాత డూమ్ 4 పేరుతో కొన్నేళ్లు పనిచేసి, అది డూమ్‌లా లేదని ఐడీ వాళ్లే పక్కన పెట్టేశారు. మళ్లీ మొదలుపెట్టి తెచ్చిందే 2016 డూమ్. దీని జవాబు పాతదానికి సరిగ్గా తలకిందులు: చావుకు దగ్గరపడ్డావా, అయితే శత్రువు దగ్గరికే పరుగెత్తు. దెబ్బలు తిని తూలుతున్నవాడు మెరుస్తాడు. దగ్గరికెళ్లి చేత్తో పూర్తిచేస్తే, అదే గ్లోరీ కిల్, వాడి నుంచి ప్రాణం రాలుతుంది. మందుపెట్టెలు లేవని కాదు, ఉన్నాయి. కానీ అసలు మందు శత్రువే. అప్పటికి చాలా కాల్పుల ఆటలు గోడ చాటున కూర్చుని ప్రాణం దానంతటది నిండేదాకా ఆగమనేవి. వాటి మధ్య ఇలా ముందుకు తోసే ఆట రావడం సిరీస్‌నే బతికించింది. మిక్ గోర్డన్ సంగీతం ఆ ఊపును ఇంకో మెట్టు పైకెక్కించింది.

దీని బలహీనత రెండో సగంలో బయటపడుతుంది. తలుపులు మూసుకుంటాయి, లోపలున్న వాళ్లందరినీ చంపాలి, తలుపులు తెరుచుకుంటాయి. మళ్లీ ఇంకో గది. సూపర్ షాట్‌గన్ చేతికొచ్చాక దాంతోనే చాలా గదులు గట్టెక్కేయొచ్చు. మిగతా తుపాకులు తియ్యాల్సిన అవసరం అంతగా రాదు.

2020 మార్చిలో వచ్చిన డూమ్ ఎటర్నల్ ఈ బద్ధకాన్నే పట్టుకుని సరిచేసింది. పాత డూమ్‌లో షాట్‌గన్‌కు 50 తూటాలు మోయొచ్చు. ఎటర్నల్ మొదట్లో మోయనిచ్చేది 16. నిమిషం తిరక్కుండానే అయిపోతాయి. అప్పుడు రంపం తీసి చిన్నవాణ్ని కోస్తే తూటాలు రాలతాయి. భుజం మీది మంటతో కాలిస్తే ఆర్మర్ రాలుతుంది. గ్లోరీ కిల్ చేస్తే ప్రాణం. ఆపదలో ఇది అడిగే ప్రశ్న "ఎటు పరుగెత్తాలి" అని కాదు, "ఇప్పుడు నాకేం కావాలి, అది ఎవరి దగ్గరుంది" అని. కాకోడీమన్ అనే రాక్షసజీవి నోట్లోకి గ్రెనేడ్ వేస్తే ఒక్కసారిగా తూలిపోతుంది, వెంటనే ప్రాణం దొరుకుతుంది. ఇలాంటి లెక్కలు డజను, అవన్నీ గాల్లో ఎగురుతూ, పక్కకు దూసుకుపోతూ వెయ్యాలి. చేతికి అలవాటయ్యాక ఈ సిరీస్‌లో ఇంతకు మించిన పోరాటం లేదు. ఆ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను.

అలవాటయ్యేదాకానే కష్టం. చాలామంది కొత్త శత్రువుల దగ్గర ఆట ఆగి, వీణ్ని ఇలా కొట్టు అని బోర్డు పెట్టి చెబుతుంది. మరాడర్ అనే శత్రువైతే మరీనూ. వాడికి ఎంత దూరంలో నిలబడాలో, వాడి కళ్లు ఆకుపచ్చగా మెరిసినప్పుడు మాత్రమే కాల్చాలని ముందే రాసిపెట్టి ఉంది. మనం కనిపెట్టడానికి పెద్దగా ఏమీ మిగల్చలేదు. పాత డూమ్‌కూ దీనికీ ఉన్న అసలు తేడా నాకు ఇక్కడే కనిపిస్తుంది.

2025 మేలో వచ్చిన ది డార్క్ ఏజెస్ జవాబు: కదలకు, నిలబడి కాసుకో. చేతిలో డాలు ఉంది. ఆకుపచ్చగా వచ్చే దాడులను సరిగ్గా తగిలే క్షణంలో డాలుతో తిప్పికొట్టొచ్చు. విచిత్రమేమిటంటే, ఎగరడం, దూకడం తగ్గించి, వరసలు కట్టి వచ్చే నిప్పుల మధ్య సందు చూసుకుని నడిపించడంలో ఇది 1993కు బాగా దగ్గరగా వచ్చింది. ఆట వేగం, తిప్పికొట్టడానికి ఇచ్చే వ్యవధి, తగిలే దెబ్బ ఎంతో మనమే విడివిడిగా మార్చుకోవచ్చు. వేళ్లు అంత వేగంగా కదలని వాళ్లకు ఇది నిజమైన వరం. డ్రాగన్ మీద ఎగిరే భాగాలు, భారీ యంత్రాన్ని నడిపే భాగాలు చూడ్డానికి బాగుంటాయి గానీ ఆడటానికి పేలవం. పైగా పీసీలో రే ట్రేసింగ్ (వెలుగు కిరణాల దారిని లెక్కగట్టే పద్ధతి) ఉన్న గ్రాఫిక్స్ కార్డ్ లేకపోతే ఆట మొదలే కాదు.

నా వరకు పై మెట్టు డూమ్, డూమ్ 2లదే. వాటి వెనకే ఎటర్నల్. పాతవాటికి పైమెట్టు ఇవ్వడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఐడీ 1997లో సోర్స్ కోడ్‌ను (ఆట అసలు ప్రోగ్రామ్‌ను) బయటపెట్టింది. అభిమానులు అంతకుముందు నుంచీ ఇప్పటిదాకా కొత్త లెవెల్స్ చేస్తూనే ఉన్నారు, వాటిలో కొన్ని అసలు ఆటను మించినవి. 2024 ఆగస్టులో రెండూ కలిపి వచ్చిన కొత్త ఎడిషన్‌లో అలాంటివాటిని ఆట లోపలి నుంచే దించుకోవచ్చు. ఎటర్నల్‌ను రెండుసార్లు పూర్తిచేస్తే దాదాపు అంతా చూసేసినట్టే. పాత డూమ్ అలా అయిపోయేది కాదు.

అయితే సిరీస్ ముట్టుకోని వాళ్లకు నేను ముందు ఇచ్చేది 2016దే. మొదటి పది నిమిషాల్లోనే చేతికి పట్టు దొరుకుతుంది, పెద్దగా పాఠాలు చెప్పదు. అది నచ్చి, ఇంకా కష్టం కావాలనిపిస్తే ఎటర్నల్‌కు వెళ్లండి. తుపాకులు మార్చే కీలను ముందే చేతికి అందేలా మార్చుకోండి, లేకపోతే అక్కడే ఓడిపోతారు. ఎటర్నల్ హడావిడిగా అనిపించినవాళ్లు డార్క్ ఏజెస్‌కు వెళ్లడం మంచిది.

పాత డూమ్‌కు వచ్చేవాళ్లు ఎప్పుడూ పరుగులోనే ఉండే సెట్టింగ్ పెట్టుకుని, కష్టం మధ్యస్థంగా ఉంచి మొదటి ఎపిసోడ్ పూర్తిచెయ్యండి. తర్వాత అల్ట్రా-వయొలెన్స్ అనే కష్టమైన స్థాయిలో ప్రతి లెవెల్‌నూ వట్టి పిస్టల్, 50 తూటాలతో కొత్తగా మొదలుపెట్టి చూడండి. షాట్‌గన్ ఎక్కడుందో, దాన్ని అందుకునేలోపు ఎవరిని ఎవరి మీదికి ఉసిగొల్పాలో వెతకడమే అప్పుడు ఆటవుతుంది.