ఇంట్లో చేసుకునే సీఏపీడీ: బ్యాగుకు మంచి మార్కులు, నేర్పే తీరుకే కోత

కిడ్నీలు పనిచేయడం మానేశాక మన దగ్గర ఎక్కువమంది వెళ్లేది మెషిన్‌తో రక్తం శుద్ధిచేసే హీమోడయాలసిస్‌కే. వారానికి మూడుసార్లు సెంటర్‌కు వెళ్లి, వెళ్లినప్పుడల్లా నాలుగేసి గంటలు మెషిన్ పక్కన పడుకోవాలి. రెండో దారి పొట్టలోనే రక్తం శుద్ధిచేసే పెరిటోనియల్ డయాలసిస్ (పీడీ), అందులో చేత్తో చేసుకునే రకం సీఏపీడీ. పొట్టలో సిలికాన్ పైపు అమర్చి, దాని గుండా రెండు లీటర్ల గ్లూకోజు ద్రావణం ఎక్కిస్తారు. నాలుగు నుంచి ఆరు గంటలు ఉంచి, దించేసి, మళ్లీ కొత్తది ఎక్కిస్తారు. రక్తంలోని చెడు పొట్టలోపలి పొర గుండా ఆ నీళ్లలోకి దిగుతుంది. 1976లో అమెరికాలోని ఆస్టిన్‌లో ఇంజినీరు పొపోవిచ్, డాక్టరు మాన్‌క్రీఫ్ రూపొందించిన పద్ధతి ఇది. మెషిన్ లేదు, సూది లేదు, కరెంటు పోయినా ఆగదు. పక్కన నర్సు కూడా ఉండదు. ఆ పని పేషెంటో, ఇంట్లోవాళ్లో చేసుకోవాల్సిందే. అందుకే ఈ రివ్యూలో బ్యాగును, దాన్ని వాడటం నేర్పే ఆసుపత్రి సర్వీసును విడివిడిగా చూద్దాం.

ముందు బ్యాగు సంగతి. నీళ్ల బ్యాగు, ఖాళీ డ్రైన్ బ్యాగు ఒకే ట్యూబుతో కలిసి వస్తాయి. మూడు గాఢతల్లో దొరుకుతుంది: 1.5, 2.5, 4.25 శాతం. రెండు లీటర్లలో వరుసగా 30, 50, 85 గ్రాముల గ్లూకోజు అన్నమాట. గాఢత పెరిగేకొద్దీ ఒంట్లోంచి ఎక్కువ నీరు లాగుతుంది, ఒంట్లోకి ఎక్కువ చక్కెర ఎక్కుతుంది. కాళ్లవాపు కనిపించింది కదా అని డాక్టరును అడగకుండా రోజూ 4.25 వేసుకునే షుగర్ పేషెంట్లున్నారు. వాపు తగ్గుతుంది, షుగర్ అదుపు తప్పుతుంది, పొట్టలోపలి పొర కూడా త్వరగా పాడవుతుంది. ఆ రోజుల్లో ఉప్పు ఎంత తిన్నామో చూసుకోవడం ముందు చేయాల్సిన పని.

బ్యాక్స్టర్ పద్ధతిలో (ఆ కంపెనీ కిడ్నీ విభాగం 2025 నుంచి వాంటివ్ పేరుతో విడిగా నడుస్తోంది) పొట్ట పైపు చివర బ్యాగును తగిలించే చిన్న ట్యూబు, ట్రాన్స్‌ఫర్ సెట్ ఉంటుంది. పని అయ్యాక దానికి అయోడిన్ స్పాంజి ఉన్న కొత్త మినీ క్యాప్ బిగించాలి. ఫ్రెసీనియస్ వాళ్లది డిస్క్. తిప్పుతూ పోతే దించడం (డ్రైన్), ట్యూబు కడగడం (ఫ్లష్), ఎక్కించడం (ఫిల్) వరుసగా వస్తాయి, చివర్లో ఒక పిన్ పైపు మూతిని లోపలినుంచే మూసేస్తుంది. ట్యూబును నొక్కి మూసే క్లాంపుల వరుస మర్చిపోయే పెద్దవాళ్లకు, చూపు తగ్గినవాళ్లకు డిస్క్ నయం. మిగతావాళ్లకు రెండూ ఒకటే. మీ ఊరికి ఏది ఆగకుండా సరఫరా అవుతుందో అది తీసుకోండి. బ్యాగుకు 5కి నాలుగున్నర.

పాత నీళ్లు దించి కొత్తవి ఎక్కించే ఒక ఎక్స్‌ఛేంజ్‌కు ముప్పావుగంట వరకు పడుతుంది. ఫ్యాన్, ఏసీ ఆపి, తలుపు వేసి, మాస్కు కట్టుకోవాలి. బ్యాగు మీద గాఢత, ఎక్స్‌పైరీ తేదీ చూసి, గట్టిగా నొక్కి లీకు ఉందేమో చూడాలి. పైకవరు లోపల కాస్త తడి కనిపించడం మామూలే. చేతులు సబ్బుతో కడుక్కోవడం అందరూ చేస్తారు, ఆరబెట్టుకోవడమే మర్చిపోతారు. ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్ల తడి వేళ్లమీద ఉండగా ట్యూబు మూత తీస్తే ఆ నీళ్లలోని క్రిములు నేరుగా పొట్టలోకి చేరే దారి దొరుకుతుంది. ఉతికిన పొడి గుడ్డతో వేళ్ల సందుల దాకా తుడుచుకున్నాకే మూత తీయాలి. మూత తీసి, ట్యూబు కలిపే ఆ రెండు మూడు సెకన్లే అసలు ప్రమాదం. ట్యూబు మూతి బట్టకు, మంచానికి, వేలికి దేనికి తగిలినా సరే, క్లాంపు మూసేసి ఎక్స్‌ఛేంజ్ ఆపి ఫోన్ చేయాలి. తుడిచి కలిపేయకూడదు.

కలిపాక డ్రైన్ బ్యాగు నేలమీద ఉంచి పొట్టలోవి దించాలి, ఇరవై నిమిషాల దాకా పడుతుంది. తర్వాత పొట్టవైపు క్లాంపు మూసి, కొత్త బ్యాగు సీలు విరిచి, అయిదు లెక్కపెట్టే వరకు కొత్త నీళ్లను డ్రైన్ బ్యాగులోకి వదలాలి. ట్యూబులోని గాలి, ఏమైనా మురికి ఉంటే అదీ పోయేది ఈ ఫ్లష్‌తోనే. ఇది మర్చిపోతే గాలి పొట్టలోకెళ్లి భుజం నొప్పి వస్తుంది. తర్వాత డ్రైన్ క్లాంపు మూసి, పొట్టవైపుది తెరిచి, పది పదిహేను నిమిషాల్లో ఎక్కించాలి. డ్రైన్ క్లాంపు మూయకపోతే కొత్త నీళ్లన్నీ నేరుగా కిందికి పోతాయి, ఒక బ్యాగు దండగ. చలికాలంలో బ్యాగును పొడి వేడితోనే వెచ్చబెట్టాలి. వేడినీళ్లలో ముంచకూడదు, మైక్రోవేవ్‌లో అక్కడక్కడ మరిగిపోతుంది. మే నెలలో ఈ పనే ఉండదు.

దించిన బ్యాగును న్యూస్‌పేపరు మీద పెట్టి చూడటం రోజూ చేయాల్సిన పరీక్ష. వెనక అక్షరాలు చదవగలిగితే సరే. మసకబారితే పెరిటోనైటిస్, అంటే పొట్టలోపలి పొరకు ఇన్ఫెక్షన్ అనుకోవాలి, నొప్పి, జ్వరం లేకపోయినా సరే. ఆ బ్యాగు పారబోయకుండా వెంట తీసుకుని అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. అందులో మైక్రోలీటరుకు 100కు పైగా తెల్లకణాలుండి, వాటిలో సగానికి పైగా న్యూట్రోఫిల్స్ అయితే దాదాపు ఖాయమే, ఏ క్రిమో పెంచి చూసే కల్చర్ రిపోర్టు కోసం ఆగకుండా పొట్టలోకే యాంటీబయాటిక్ మొదలుపెడతారు. ఇంట్లో మిగిలిన మాత్రలు మింగి వెళ్తే కల్చర్‌లో ఏమీ పెరగదు, ఏ మందు వేయాలో తేలదు.

నీళ్లు సరిగా దిగకపోతే సగంమంది పైపు పాడైందని కంగారుపడతారు. చాలాసార్లు కారణం మలబద్ధకం. నిండిన పేగు పైపును పక్కకు నెట్టేస్తుంది. తెల్లటి దారాల్లాంటివి కనిపిస్తే అది గడ్డకట్టే ప్రోటీను ఫైబ్రిన్, బ్యాగులో గడ్డకట్టనివ్వని మందు హెపారిన్ కలపమంటారు, ఎంత అనేది ఆసుపత్రే చెప్పాలి.

సర్వీసు అసలు బండారం లాగ్ పుస్తకంలో బయటపడుతుంది. పొద్దున బరువు, బీపీ, ఎక్కించింది, దించింది, తేడా అన్నీ రాయమంటారు. జనం శ్రద్ధగా రాస్తారు కూడా. నెలకోసారి ఓపీలో ఆ పుస్తకం తెరవకుండానే క్రియాటినిన్ చూసి పంపేసే చోట్లు చాలా ఉన్నాయి. పైగా ఆ అంకెల్లోనే తప్పుంటుంది: ఫ్లష్‌లో వదిలిన నీళ్లు కూడా డ్రైన్ బ్యాగులోకే చేరతాయి కదా, కాటాలో తూస్తే అవి ఒంట్లోంచి లాగిన నీరుగా కనిపిస్తాయి. పుస్తకంలో నీరు బాగానే దిగినట్టు ఉంటుంది, కాళ్లకేమో వాపు. ఎదురుగా కూర్చుని నాలుగు పేజీలు తిప్పే నర్సు ఉంటే ఇది మొదటి నెలలోనే దొరికిపోతుంది. పేషెంటు రాసింది ఆసుపత్రి చదవకపోతే పని సగమే జరిగినట్టు.

శిక్షణలోనూ ఇదే తేడా. పైపు వేశాక గాయం మానడానికి రెండు వారాలు ఆగుతారు, నేర్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. నాలుగైదు రోజులు, చేసి చూపించి, చేయించి, తప్పు చేయనిచ్చి సరిదిద్దాలి. డిశ్చార్జి రోజు ఒక్కసారి చూపించి వీడియో లింకు పంపేదాన్ని శిక్షణ అనకూడదు. చాలాచోట్ల ఇంటికొచ్చి నేర్పేది ఆసుపత్రి నర్సు కాదు, బ్యాగుల కంపెనీ కోఆర్డినేటర్. వాళ్లలో పనిమంతులు ఎక్కువే, కానీ మందు మార్చే అధికారం వాళ్లకు ఉండదు, అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలో ముందే తేల్చుకోవాలి. ఇంకొకటి: మన ఇళ్లలో కోడలికో కూతురికో నేర్పి, పేషెంటును చూస్తూ కూర్చోబెడతారు. ఆ అమ్మాయి నాలుగు రోజులు ఊరెళ్తే ఎవరు చేస్తారు? చేతులు ఆడే పేషెంటుకే మొదట నేర్పాలి, రెండో మనిషి తోడు.

పేషెంటు ఎంతవరకు చేయగలడన్న అనుమానం ఉన్నవాళ్లకు స్వీడన్ సంగతి చెప్పాలి. 2005లో యాన్‌షోపింగ్‌లోని రైహోవ్ ఆసుపత్రిలో క్రిస్టియన్ ఫర్మాన్ అనే పేషెంటు తన హీమోడయాలసిస్ తానే చేసుకుంటానని అడిగితే నర్సు నేర్పింది. అతను ఇంకొకరికి చూపించాడు. చివరికి పేషెంట్లే మెషిన్లు సిద్ధం చేసుకునే యూనిట్ అక్కడ ఏర్పడింది. సీఏపీడీ అంతకంటే చాలా తేలిక.

తిండి విషయంలో పాత చీటీ పట్టుకుని ఉండటం ఇంకో పెద్ద తప్పు. డయాలసిస్‌కు ముందు పప్పు, గుడ్డు తగ్గించమని చెప్పి ఉంటారు. పీడీలో రోజుకు 5 నుంచి 10 గ్రాముల ప్రోటీను నీళ్లతో పోతుంది, కిలో బరువుకు 1 నుంచి 1.2 గ్రాములు తినాలి. గుడ్డు తెల్లసొన అన్నిటికంటే సులువు. రాత్రికి గ్లూకోజుకు బదులు ఐకోడెక్స్‌ట్రిన్ ఉన్న బ్యాగు వాడే షుగర్ పేషెంట్లు గ్లూకోమీటర్ స్ట్రిప్ డబ్బా ఆసుపత్రికి తీసుకెళ్లి చూపించాలి. కొన్ని రకాల స్ట్రిప్పులు ఆ మందు నుంచి వచ్చే మాల్టోజును కూడా గ్లూకోజుగా చదివి షుగర్ ఎక్కువ చూపిస్తాయి. దాన్ని నమ్మి ఇన్సులిన్ పెంచితే ప్రాణం మీదికొస్తుంది.

డెలివరీకి 5కి మూడు. రోజుకు మూడు బ్యాగుల చొప్పున నెలకు 90, అంటే 180 కిలోలకు పైనే. మూడో అంతస్తు, లిఫ్టు లేదు అంటే కింద దించి వెళ్లిపోతారు. రేకుల షెడ్డులో, ఎండ పడేచోట పేర్చకండి. వారానికి సరిపడా ఎప్పుడూ మిగులు ఉండాలి. డబ్బు సంగతి పైపు వేయించుకునే ముందే తేల్చుకోవాలి: జాతీయ డయాలసిస్ పథకం 2016లో హీమోడయాలసిస్‌తో మొదలైంది, పీడీకి మార్గదర్శకాలు 2019లో వచ్చాయి, ఇప్పటికీ పథకాల బరువంతా సెంటర్లవైపే. మీ కార్డు మీద బ్యాగులు వస్తాయో లేదో ఆసుపత్రి కౌంటర్‌లో రాతపూర్వకంగా అడగండి.

ఎవరికి వద్దు అంటే, పొట్టకు పెద్ద ఆపరేషన్లయి లోపల పేగులు అతుక్కుపోయినవాళ్లకు, సరిచేయించుకోని హెర్నియా ఉన్నవాళ్లకు, తలుపు వేసుకునే గది లేని ఇళ్లకు. చెరువులో ఈత, పుష్కర స్నానం వదులుకోలేనివాళ్లూ ఆలోచించుకోవాలి, పైపు దగ్గరి చర్మం ఎప్పుడూ పొడిగా ఉండాలి. కొన్నేళ్లకు పొట్టలోపలి పొర మందగించి హీమోడయాలసిస్‌కు మారాల్సి రావచ్చు, మెషిన్ సూదుల కోసం చేతిలో రెండు రక్తనాళాలను కలిపే ఫిస్టులా వేయడానికి అప్పుడు మంచి నరం కావాలి. కుడిచేతి వాటం ఉన్నవాళ్లు ఇప్పటినుంచే రక్తపరీక్షకు, సెలైన్‌కు ఎడమ చేయి ఇవ్వకండి. ల్యాబ్ వాళ్లు సూది ఎత్తకముందే ఆ మాట చెప్పండి.