సమాధి రాయి, బాకీ: ఒకే కొట్టుతో పదేళ్ల అనుభవం

ఒంగోలు నుంచి చీమకుర్తి వెళ్లే దారిలో ఉన్న ఒక గ్రానైట్ కొట్టులో మా కుటుంబం మూడు సమాధి రాళ్లు చేయించింది. నాన్నది 2014లో, పెద్దమ్మది 2018లో, అమ్మది 2024లో. రాయికి వంక పెట్టడానికి ఏమీ లేదు. చీమకుర్తి గెలాక్సీ, నలుపులో రాగి రంగు చుక్కలు. నాన్న రాయి ఇన్నేళ్ల ఎండకూ వానకూ మెరుపు తగ్గలేదు. అక్షరాల్లో నింపిన బంగారు రంగు మాత్రం మూడో ఏటికే పెచ్చులూడింది. నేను రాయదలచుకున్నది వేరు: డబ్బు పూర్తిగా ముట్టనప్పుడు వాళ్లు ఎలా నడుచుకున్నారన్నది.

కొట్టు యజమాని పెద్దాయన ఉన్న రోజుల్లో పద్ధతి ఒకటే. సగం బయానా ఇస్తేనే రాయి కోతకు వెళ్తుంది, మిగతా సగం ఇచ్చాకే సమాధుల తోటలో బిగిస్తారు. మొదట్లో నాకు కటువుగా తోచింది. "నేల బండలైతే మీరు కాకపోతే ఇంకొకరు కొంటారు. మీ నాన్నగారి పేరు చెక్కాక ఆ రాయి ఎవరు కొంటారు బాబూ?" అన్నారు. చట్టమూ ఆయన పక్షానే ఉంది. 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం ధర ముట్టేదాకా అమ్మినవాడు సరుకును తన దగ్గరే ఉంచుకోవచ్చు. అప్పగించాక ఆ హక్కు పోతుంది. ఆపైన మూడేళ్లలోగా దావా వేసుకోవాలి. సమాధి రాయి బాకీకి కోర్టుకెక్కిన వ్యాపారిని నేనైతే చూడలేదు.

పెద్దమ్మ రాయి దగ్గర ఇరుక్కున్నాం. అన్నదమ్ములం ముగ్గురం వాటాలు వేసుకుంటే ఒక వాటా రాలేదు (ఎవరిదో రాస్తే క్రిస్మస్‌కు నాకు ఆ ఇంట్లో భోజనం ఉండదు). 14,000 బాకీ. రాయి ఏడు నెలలు కొట్టులోనే ఉంది. వెళ్లిన ప్రతిసారీ గోడవైపు తిరిగి, గోనెపట్టా కప్పుకుని కనిపించేది. దారిన పోయేవాళ్లు పేరు చదవకూడదని పెద్దాయనే కప్పించారట. వడ్డీ అడగలేదు, ఫోను చేయలేదు. ఈస్టర్‌కు పది రోజుల ముందు మాత్రం ఒక్కసారి చేశారు. "తెల్లవారుజామున అందరూ తోటకు వస్తారు కదా బాబూ, పెద్దమ్మగారి దగ్గర ఒట్టి మట్టి ఉంటే బాగుండదు." ఆ వారంలోనే డబ్బు సర్దాం.

అమ్మ రాయి నాటికి కొట్టు ఆయన కొడుకు చేతికి వచ్చింది. బయానా తక్కువ, రాయి ముందే బిగిస్తారు, మిగతాది నెలనెలా. హాయిగానే ఉందనుకున్నాను. గొడవ లెక్కలో వచ్చింది. అక్షరానికి ఇంత అని మాట్లాడుకుంటే, బిల్లులో ఒత్తులన్నిటినీ వేరే అక్షరాలుగా కట్టారు. 'నిద్రించుచున్న' అన్న ఒక్క మాటలోనే రెండు పెరిగాయి! లెక్క తేలేదాకా రెండు వాయిదాలు ఆపాను. ఒక ఉదయం మా కుటుంబ వాట్సాప్ గ్రూపులో అమ్మ సమాధి ఫొటో, దాని కింద బాకీ అంకె. అక్షరదోషాలు చూపించుకోవడానికని అతన్ని గ్రూపులో చేర్చింది నేనే. మేనత్త ఆ రోజంతా అన్నం ముట్టలేదు. ఫోను చేస్తే ఫొటో తీసేశాడు, ఒత్తులకు సగం ధరకు ఒప్పుకున్నాడు. కట్టేశాను.

పనితనానికి ఐదుకు నాలుగు. వసూలుకు పెద్దాయనకు ఐదు, కొడుక్కి ఒకటిన్నర. చేయించుకునేవాళ్లు ఒత్తు లెక్క ముందే చీటీ మీద రాయించుకోండి, వాయిదాల మాట ఎత్తినా బిగించే రోజుకే బాకీ తీర్చేయండి. నాన్న రాయికి రంగు మళ్లీ వేయించాలి. ఈసారి డబ్బు ముందే ఇస్తాను, ఫోను నంబరు మాత్రం ఇవ్వను.