అంబాసిడర్ వెనక బ్రేకులకి స్టీల్ స్లీవులు: నాలుగు వానాకాలాల తర్వాత

పొద్దున్నే బండి తీసేటప్పుడు మొదటి నొక్కుకే పెడల్ గట్టిగా కాలికి తగిలితే ఎంత ధీమాగా ఉంటుందో, సముద్రం పక్కన పాత కారు పెట్టుకున్నవాళ్లకే తెలుస్తుంది. లాసన్స్ బేలో మా ఇంటికి సముద్రం రెండు వీధుల అవతలే. నాన్నగారి 1984 అంబాసిడర్‌కి ఏటా వానలు వెలిశాక వెనక వీల్ సిలిండర్లు (పెడల్ నొక్కితే బ్రేక్ షూలని డ్రమ్ముకి తోసేవి) తుప్పుపట్టి జామ్ అయ్యేవి. రబ్బర్ కిట్ వేస్తే ఆర్నెల్లు, ఎమ్రీ కాగితం పట్టి పాలిష్ చేస్తే ఇంకో మూణ్ణెల్లు. విసుగొచ్చి నాలుగేళ్ల కిందట రెండు సిలిండర్లూ గాజువాక ఆటోనగర్ తీసుకెళ్లి, లేత్ మీద బోరు చేయించి, లోపల స్టెయిన్‌లెస్ స్టీల్ స్లీవులు, అంటే సన్నటి గొట్టాలు, వేయించాను. విప్పడం, బిగించడం, బ్రేక్ గొట్టాల్లో చేరిన ఎయిర్ తీయడం అంతా మా షెడ్డులోనే.

మొన్న కార్తీకమాసంలో డ్రమ్ము తీసి చూశాను. స్లీవు లోపల గోరు పెట్టి చుట్టూ తిప్పితే ఎక్కడా గరుకు తగల్లేదు. నాలుగు వానాకాలాలు తిన్న బండి ఇది! తుప్పు బయటి ఉప్పుగాలితోనే రాదు. బ్రేక్ ఆయిల్ తనంతట తనే తేమ పీల్చుకుంటుంది. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. నీరు చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. ఆ నీరే లోపల ఇనుమునీ తింటుంది.

ఈ స్లీవులని ఒకసారి అన్యాయంగా అనుమానించాను. రెండో ఏడు అరకు నుంచి వస్తున్నాం. అనంతగిరి ఘాట్ సగం దిగేసరికి బ్రేక్ నొక్కినప్పుడల్లా బండి కుడికి లాగడం మొదలెట్టింది. వెనకసీట్లో అమ్మ "ఏదో మాడుతోందిరా" అంది. సెకండ్ గేరులోనే మెల్లగా శృంగవరపుకోట చేరి, చల్లారాక ఇంటికి తెచ్చాను. ఎడమ డ్రమ్ము తీస్తే షూలు, ప్లేటు అంతా తడి. స్లీవుకీ పాత సిలిండర్ పోతకీ మధ్య నుంచి బ్రేక్ ఆయిల్ కారుతోందనే అనుకున్నాను. స్లీవు సరిగ్గా కూర్చోకపోతే అలా కారడం ఉంది మరి.

సిలిండర్ విప్పబోతూ ఆగి, ఆ తడిని వేలితో తీసి, పళ్లెంలో నీళ్లు పోసి అందులో వదిలాను. బ్రేక్ ఆయిల్ అయితే నీళ్లలో కలిసిపోవాలి. ఇది కలవలేదు, రంగులు తిరుగుతూ పైన తేలింది. వేళ్లు వాసన చూస్తే గంధకం కంపు. వెనక ఇరుసు హౌసింగ్‌లోని 90 గేర్ ఆయిల్ అది. సిలిండర్ పొడిగానే ఉంది, వెనక ఇరుసు ఆయిల్ సీల్ దాటి కారుతోంది.

షాఫ్టు లాగి, హబ్బు విప్పి, సీల్ మార్చాను. రెండు నెలలకే మళ్లీ చెమ్మ. కొట్టువాడు నాసిరకం సీల్ అంటగట్టాడని ఇంకోటి తెచ్చి వేశాను. అదీ కారింది. చివరికి మా వీధిలో ఉండే, పోర్టులో మెకానిక్‌గా చేసి రిటైరైన బాబాయ్ వచ్చి కింద దూరి చూశారు. "సీల్‌ని తిట్టకు నాయనా. హౌసింగ్‌కి ఊపిరాడక కక్కుతోంది," అన్నారు. హౌసింగ్ పైన చిన్న బ్రీదర్, అంటే లోపలి గాలి బయటికి పోయే దారి, ఉంటుంది. తుప్పు రాకూడదని ఇరుసంతటికీ రెడాక్సైడ్, ఆపైన నల్లరంగు కొట్టినప్పుడు దాని కన్నం కూడా పూడ్చేశాను. బండి నడిచి లోపల వేడెక్కాక ఉబ్బిన గాలికి వేరే దారి లేక సీల్‌ని తోసుకుని ఆయిల్‌తో సహా బయటికొస్తోంది. ఓ చుట్టు తిప్పుకొచ్చి, వేడి మీదే సన్నతీగతో రంగు పొడిస్తే బుస్సుమంది. ఆ రెండో సీలే తీసి తుడిచి మళ్లీ వేశాను. ఇప్పటికి రెండేళ్లు, చుక్క లేదు.

ఆయిల్ తాగిన లైనర్లు (షూల మీద డ్రమ్ముకి రాసుకునే పట్టీలు) పెట్రోలుతో కడిగి ఎండబెట్టి వాడి చూశాను. వేడెక్కగానే లోపలి ఆయిల్ మళ్లీ ఊరింది. అవి పారేసి రెండు వైపులా కొత్తవి వేయడమే. పాత లైనర్ల పొడిలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, గాలి కొట్టకండి, తడిగుడ్డతో తుడవండి.

స్లీవు వేయిస్తే ఇక జన్మలో విప్పక్కర్లేదని మొదటి ఏడాది కనపడ్డవాళ్లందరికీ చెప్పాను. ఆ మాట కొంచెం తగ్గించుకోవాలి. మూడో ఏట నా అల్యూమినియం పిస్టన్ల మీద తెల్లటి పొడి పట్టింది, ఒక రబ్బరు బూటు పగిలింది. ఆయిల్ ఏటా మార్చాల్సిందే, మార్చేటప్పుడు ఒకసారి విప్పి చూడాల్సిందే.

నాకు షెడ్డు ఉంది, ఆదివారాలు ఖాళీ, బండి వారానికి రెండుసార్లే తీస్తాను. అనకాపల్లి వైపు సముద్రానికి దూరంగా ఉంటూ రోజూ నడిపేవాళ్లకి కొత్త మామూలు సిలిండర్లే చాలేమో. బీచ్ రోడ్డు చుట్టుపక్కల ఉండి, బండి ఎక్కువగా నిలబెట్టే ఉంచేవాళ్లయితే మాత్రం వేయించుకోండి. లేత్ పని చేసినాయన మాటే నమ్మి ఊరుకోకుండా, బిగించి ఎయిర్ తీశాక, ఎవరినైనా కాసేపు పెడల్ గట్టిగా తొక్కి పట్టమని, స్లీవు అంచు చుట్టూ చెమ్మ వస్తోందేమో మీ వేలితోనే చూసుకోండి.