పలెర్మో: బంగారం కోసం వెళ్తే సున్నం దగ్గర ఆగిపోయాం

మ్యూనిక్‌లో నా దగ్గరికి అమ్మ వచ్చి నెలైంది. ఎక్కడికైనా తీసుకెళ్ళాలి. రోమ్ తను ఇదివరకే టూర్ బస్సులో చూసేసింది. గోడల మీద చిన్న చిన్న రంగు ముక్కలు పేర్చి బొమ్మలు చేసిన మొజాయిక్ గుళ్ళ కోసం, ఇటలీ దక్షిణాన ఉన్న సిసిలీ దీవికి వెళ్ళాలని నాకు ఎప్పటినుంచో ఉంది. అలా మే నెలలో ఆ దీవి రాజధాని పలెర్మోకి నాలుగు రాత్రులు. అమ్మకి 64 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పి, శుద్ధ శాకాహారం. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కింద నేను బాగుందన్నా బాగాలేదన్నా ఈ మూడింటినీ దృష్టిలో పెట్టుకునే.

విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి బస్సులో సుమారు 50 నిమిషాలు. రైలు కూడా ఉంది. బస్సయితే దారిలో కపాచీ దగ్గర రోడ్డు పక్కన ఎర్రటి స్తంభం కనిపిస్తుంది. 1992 మే 23న జడ్జి ఫాల్కోనెని మాఫియా బాంబు పెట్టి చంపిన చోటది. రెండు నెలలు తిరక్కుండానే ఆయన తోటి జడ్జి బొర్సెల్లీనోని కూడా చంపారు. విమానాశ్రయానికి ఇప్పుడు వాళ్ళిద్దరి పేర్లే.

ముందు బస సంగతి, ఎందుకంటే తప్పు చేసింది అక్కడే. బాల్కనీ, పూలకుండీలు ఫొటోల్లో చూసి మురిసిపోయి వుచ్చిరియా సందుల్లో గది తీసుకున్నాను. లిఫ్ట్ ఉందని రాశారు. ఉంది, కానీ అది కదిలి ఎన్నేళ్ళయిందో. 71 మెట్లు. లెక్కపెట్టింది అమ్మే, తిరుమల కొండ నడిచెక్కిన అలవాటు. పైకెళ్ళాక గది బాగానే ఉంది. చీకటి పడ్డాక తెలిసింది, వుచ్చిరియా ఒకప్పుడు చేపల బజారైతే ఇప్పుడు కుర్రకారు తాగి పాడే బజారని. తెల్లవారుజామున మూడింటి దాకా స్పీకర్లు. మర్నాడే ఒక రాత్రి డబ్బు వదులుకుని మారిపోయాం.

రెండోది తెయాత్రో మాస్సిమో అనే ఒపేరా హాలు వెనక సందులో. మొదటి అంతస్తు, రాత్రికి 85 యూరోలు, పొద్దున కాఫీ, బ్రెడ్డు, పళ్ళు. ఊరి పన్ను విడిగా నగదు ఇవ్వాలి, చిల్లర దగ్గరుంచుకోండి. ఇక్కణ్ణించి పాత ఊరి నడిబొడ్డుకి పది నిమిషాలు, అమ్మ నడకకి పదిహేను. వయా మకేదా వీధిలో ఈ భాగం బళ్ళు తిరగని దారి కాబట్టి భయం లేదు. రాతి పలకలు మాత్రం అరిగి నున్నగా ఉన్నాయి, చెప్పులు జారతాయి. ఆ ఒపేరా హాలు 1897లో కట్టింది. రిపేరని 1974లో మూసి 1997లో తెరిచారు. ఈ మాట చెబితే అమ్మ, "మన ఫ్లైఓవర్లే నయం కదరా" అంది.

మొదటి రోజు సాయంత్రం, ముందుగా డబ్బు కట్టక్కర్లేని నడక టూరులో చేరాం. చివర్లో తోచింది ఇవ్వచ్చు. ఇరవై ఎనిమిది మందిమి. గైడు మంచి మాటకారి, నవ్వించాడు కూడా. కానీ మూడు గంటల్లో ఒక్క గుమ్మం లోపలికీ తీసుకెళ్ళలేదు. ప్రతి గుడి ముందూ పావుగంట నిలబడి కథ వినడమే. రెండో గంటకి అమ్మ మెట్ల మీద కూలబడింది. అయినా దండగ అనను. ఒక్క విషయానికి ఇరవై యూరోలు ఇచ్చేయొచ్చు: కతీడ్రల్ అనే ఊరి పెద్ద చర్చి దక్షిణ ద్వారం మంటపంలో ఎడమవైపు స్తంభం మీద ఖురాన్ వాక్యం చెక్కి ఉంది, అది చూపించాడు. అరబ్బుల కాలంలో అక్కడ మసీదు ఉండేది. 1185 నాటి ఈ కతీడ్రల్ కట్టినప్పుడు ఆ స్తంభం పారేయకుండా వాడుకున్నారు. మా అంతట మేం వెళ్తే దాన్ని దాటుకుని పోయేవాళ్ళం. దిక్కులు తెలుసుకోవడానికి మొదటి రోజు ఇలాంటి టూరు తీసుకోండి, తర్వాత ఆ డబ్బు లోపలి టికెట్లకి పెట్టండి.

పాత ఊరికి నడిబొడ్డు క్వాత్రో కాంతి. పేరుకి అర్థం నాలుగు మూలలు, మన భాషలో చౌరస్తా. 1608లో మొదలుపెట్టి కట్టారు. నాలుగు మూలల్లో నాలుగు భవనాలు, నాలుగూ లోపలికి వంగి ఉంటాయి. ప్రతిదానికీ కింద ఫౌంటెన్, పైన ఒక ఋతువు, ఆ పైన ఒక స్పెయిన్ రాజు, అన్నిటికంటే పైన ఊరిని కాచే ఒక సెయింటమ్మ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏదో ఒక మూల మీద ఎండ పడుతూనే ఉంటుందని దీన్ని సూర్యుడి రంగస్థలం అంటారు. మా అమ్మ చార్మినార్ దగ్గర పెరిగింది. నాలుగు దారుల మధ్య నిలబడి ఊరిని లెక్కగట్టడం తనకి కొత్త కాదు. "మనది నడిమధ్యన ఉంది, వీళ్ళు మధ్య వదిలేసి అంచులకి పెట్టారు" అని తేల్చేసింది. ఇక్కణ్ణించి కతీడ్రల్ వైపు వెళ్ళే పెద్ద వీధి పాత పేరు కస్సారో, అరబీలో కోట అనే అర్థమున్న 'కస్ర్' నుంచి వచ్చింది.

చౌరస్తా పక్కనే ప్రెతోరియా ఫౌంటెన్. ఫ్లోరెన్సులో ఒక తోట కోసం చేసినదాన్ని పలెర్మో కొనుక్కుంది. 1574లో 644 ముక్కలుగా ఓడలో వచ్చింది. ఒంటిమీద బట్టల్లేని విగ్రహాలు, ఎదురుగా సన్యాసినుల మఠం. జనం దానికి సిగ్గు చౌక్ అని పేరు పెట్టారు. ఆ మఠంలో ఇప్పుడు మిఠాయి కొట్టు ఉంది, సన్యాసినుల పాత పద్ధతుల్లో చేస్తారు. బాదం ముద్దతో అచ్చం పళ్ళలా చేసినవి కొన్నాం. చూడ్డానికి అద్భుతం, తినడానికి వట్టి తీపి.

నేను వచ్చింది బంగారు మొజాయిక్‌ల కోసం కదా. అరబ్బులు 831లో ఈ ఊరు పట్టుకున్నారు, ఫ్రాన్స్ వైపు నుంచి వచ్చిన నార్మన్లు 1072లో లాక్కున్నారు. వాళ్ళలో రెండో రోజర్ 1130లో రాజయ్యాక గుడి కట్టాలంటే గోడలకి గ్రీకు పద్ధతి, పైకప్పుకి అరబ్బు పద్ధతి తీసుకున్నాడు. ఆయన నౌకాదళాధిపతి కట్టించిన మార్తొరానా చిన్న గుడి. లోపల ఒక పలకలో క్రీస్తు స్వయంగా రోజర్‌కి కిరీటం పెడుతున్నాడు. తల దగ్గర అక్షరాలు చూడండి: గ్రీకు లిపిలో 'రొగేరియోస్ రెక్స్' అని ఉంటుంది. రాజు అనే మాట లాటిన్‌ది, లిపి గ్రీకుది. తెలుగు అక్షరాల్లో 'కింగ్' అని రాసుకున్నట్టు! ఈ ఒక్క పలక కోసమైనా టికెట్ గిట్టుబాటే. పక్కనే మూడు ఎర్ర బుడగల్లాంటి గుమ్మటాల సాన్ కతాల్దో బయటనుంచే అందం, లోపల వట్టి రాయి. తొందరలో ఉంటే లోపలికి వెళ్ళకపోయినా ఫర్వాలేదు.

అసలుది కప్పెల్లా పలటీనా, రాజభవనం లోపలి గుడి. తెరవగానే వెళ్ళండి, పది దాటితే గుంపులు వచ్చేస్తాయి. ఆదివారం పూట ప్రార్థన వేళ లోపలికి రానివ్వరు. మంగళ, బుధ, గురువారాల్లో రాజుగారి గదులు చూడ్డానికి ఉండదు. సిసిలీ శాసనసభ ఇప్పటికీ అదే భవనంలో నడుస్తుంది మరి. లోపల అందరూ బంగారు గోడలే చూస్తారు. మీరు మెడ నొప్పెట్టినా సరే, నడిమి హాలు పైకప్పు చూడండి. చెక్కతో తేనెపట్టులా దొంతర్లు దొంతర్లుగా చేసి, ఒక్కో గదిలో ఒక్కో బొమ్మ వేశారు. తాగుతున్నవాళ్ళు, వాయిద్యగాళ్ళు, చదరంగం ఆడుతున్న ఇద్దరు. చర్చి పైకప్పు మీద! కళ్ళకి అవి చుక్కల్లా కనిపిస్తాయి, చిన్న బైనాక్యులర్ తీసుకెళ్ళనందుకు బాధపడ్డాను. బయట గోడలో 1142 నాటి రాతి పలక ఒకటుంది. రోజర్ చేయించిన నీటి గడియారం గురించి లాటిన్, గ్రీకు, అరబీల్లో రాశారు. మన రైల్వే స్టేషన్ బోర్డు గుర్తొచ్చింది.

మధ్యాహ్నం ఒంటిగంట అయ్యేసరికి చాలా చర్చిలు మూసేస్తారు, మళ్ళీ మూడింటికో నాలుగింటికో. ఇది తెలియక మొదటి రోజు రెండు తలుపులు తట్టి వచ్చాం. ఆ టైం తిండికి పెట్టుకోండి. శాకాహారికి పలెర్మో వీధి తిండిలో దొరికే వరం పనెల్లె. శనగపిండిని నీళ్ళలో ఉడికించి, గట్టిపడ్డాక పల్చటి ముక్కలు కోసి నూనెలో వేయిస్తారు, బన్నులో పెట్టి నిమ్మరసం పిండి ఇస్తారు. "కారం లేని బజ్జీ" అంది అమ్మ, కానీ నాలుగు రోజులూ అదే అడిగింది. వంకాయ కపొనాతా పులుపూ తీపీ కలిసి మన పులుసుకి దూరపు చుట్టంలా ఉంది. ఆరంచీనా అంటే వేయించిన అన్నం ఉండ. వెన్న ఆరంచీనా అని రాసి ఉంటే శాకాహారం అనుకోకండి, లోపల సాధారణంగా పంది మాంసం ఉంటుంది. స్ఫించోనే అనే మందపాటి పిజ్జాలో చేప కలుపుతారు. అడిగి తినండి. బలారో బజారు దగ్గర శ్రీలంక తమిళుల కొట్లో కరివేపాకు చూసి అమ్మ ముఖం వెలిగిపోయింది. తమిళులు ఈ ఊళ్ళో చాలామందే ఉన్నారు, ఆదివారాలు పెల్లెగ్రీనో కొండ మీద, ఊరిని కాచే సెయింటమ్మ సాంతా రొసాలియా గుహకి వెళ్తారు. హిందువులు కూడా.

మూడో రోజు పొద్దున, ఊరికే దారిలో ఉంది కదా అని సాంతా చీతా ప్రార్థనా మందిరంలోకి వెళ్ళాం. టికెట్ కొద్ది యూరోలే. గుడి కూడా కాదు, ఒక సంఘం వాళ్ళు కూడి ప్రార్థించుకునే హాలు. లోపల మేమిద్దరం, బల్ల దగ్గర ఒక అమ్మాయి. బంగారం లేదు, రంగు లేదు. అంతా తెలుపు. జాకొమో సెర్పోత్తా అనే శిల్పి 1685 నుంచి పనిచేసిన చోటిది. వెనక గోడ మొత్తం ఒక పెద్ద తెర వేలాడుతున్నట్టు ఉంటుంది, మడతలు, కుచ్చులు, అన్నీ సున్నంతోనే. ఆ తెరని పట్టుకుని, దాని మీద పాకి, ఒకణ్ణొకడు తోసుకుంటూ డజన్ల కొద్దీ బొద్దు పిల్లలు. ఒకడు ఏడుస్తాడు, ఒకడు నిద్రపోతాడు. మధ్యలో క్రైస్తవులకీ తుర్కులకీ జరిగిన 1571 నాటి లెపాంతో సముద్ర యుద్ధం, అరచేతి ఓడలతో. యుద్ధం కింద రెండు పక్కలా ఇద్దరు కుర్రాళ్ళు దిగులుగా కూర్చుని ఉంటారు. గెలిచినవాడూ ఓడినవాడూ అంటారు, ఇద్దరి ముఖాలూ ఒకేలా ఉన్నాయి.

దీన్ని ఇక్కడ స్టుక్కో అంటారు. మనం గచ్చు పని అంటాం. చెక్క, తీగ, గుడ్డపీలికలతో అస్థిపంజరం కట్టి, దాని మీద సున్నం, ఇసుక మెత్తి, చివరిపూతలో పాలరాతి పొడి కలుపుతారు. ఆ పొడి వల్లే పాలరాయిలా నిగనిగ. చార్మినార్ గచ్చులోనూ పాలరాతి పొడి ఉందని అమ్మకి వాళ్ళ నాన్న చెప్పేవారట. రాయి అయితే తప్పు కొడితే పోయింది. సున్నం ఆరిపోయేలోపు చేతివేళ్ళతో దిద్దుకోవచ్చు, కానీ ఆరిపోయాక ఏమీ చేయలేవు. బహుశా ఆ తొందర వల్లే ఆ పిల్లలు అలా కదులుతున్నట్టుంటారు. ముప్పావుగంట కూర్చున్నాం. అక్కడ కూర్చోడానికి బెంచీలున్నాయి, ఇది కూడా రివ్యూలో రాయాల్సిన విషయమే.

దాంతో ప్లాను మారిపోయింది. సెర్పోత్తావే సాన్ లొరెంజో మందిరానికి వెళ్ళాం. బలిపీఠం మీద కారవాజ్జో వేసిన క్రీస్తు జననం బొమ్మ ఉండేది. 1969 అక్టోబరులో దొంగలు చట్రంలోంచి కోసి పట్టుకుపోయారు, ఇప్పటికీ దొరకలేదు. 2015 నుంచి అచ్చం అలాంటి నకలు పెట్టారు. జనం దాని ముందు సెల్ఫీలు తీసుకుంటారు, అసలు పని చుట్టూ గోడల మీద తెల్లగా ఉంటే తలెత్తి చూడరు.

ఊరి బయట కొండ మీది మొన్రెయాలె కతీడ్రల్‌కి కూడా వెళ్ళాం. ఆరువేల పైచిలుకు చదరపు మీటర్ల మొజాయిక్, గొప్పదే. కానీ అప్పటికి బంగారం చూసి చూసి కళ్ళు మొద్దుబారాయి. కప్పెల్లా చూసిన రోజునే దీన్ని పెట్టుకోకండి. పలాత్సో అబతెల్లిస్ అనే మ్యూజియంలో ఆంతొనెల్లో దా మెస్సీనా వేసిన నీలి ముసుగు మరియమ్మ మాత్రం వదలొద్దు. రెండు జానలు కూడా లేని పటం. ఎవరో ఇప్పుడే గదిలోకి వచ్చినట్టు చెయ్యి ముందుకు చాస్తుంది. సోమవారం మూసి ఉంటుంది.

చివరి పొద్దున బస్సుకి ఇంకా రెండు గంటలుంది. సాన్ దొమేనికో చర్చి వెనక, సెర్పోత్తా పనిచేసిన రొజారియో మందిరానికి వెళ్ళాం. 1624 ప్లేగు కాలంలో చిత్రకారుడు వాన్ డైక్‌ని వేసిపెట్టమని అడిగిన పెద్ద పటం అక్కడ ఉంది. నేను పటం చూస్తున్నాను. అమ్మ ఒక స్త్రీ విగ్రహం ముందు నిలబడిపోయింది. స్తంభం పక్కన దర్జాగా నిలుచున్న ధైర్యలక్ష్మి. టికెట్ బల్ల దగ్గరి పెద్దావిడ లేచొచ్చి, మాట్లాడకుండా స్తంభం వైపు వేలు చూపించింది. దాని మీద పాకుతూ చిన్న బల్లి. సిసిలీ భాషలో బల్లి పేరు సెర్పోత్తా ఇంటిపేరుని పోలి ఉంటుంది, అందుకని సంతకానికి బదులు ఆయన బల్లిని పెట్టేవాడు.

అమ్మ నా చెవిలో, "కంచిలోలా తాకనిస్తారేమో అడగరా" అంది.

అడిగాను. పెద్దావిడ నవ్వి తల అడ్డంగా ఊపింది. అమ్మ కిందనుంచే చెయ్యెత్తి చూపి, ఆ వేళ్ళు కళ్ళకి అద్దుకుంది.