మెక్సికన్ రెబోసో: ఏళ్ల తరబడి వాడాక, ముఖ్యంగా దాని కుచ్చుల గురించి

అమెరికాలో, టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో ఒక మెక్సికన్ కుటుంబం నడిపే చిన్న షాపులో కొన్న నూలు రెబోసో ఇది. ముదురు నీలం మీద తెల్లటి చుక్కల నేత. మెక్సికన్ చిత్రకారిణి ఫ్రీడా కాలో ఫొటోల్లో భుజాల మీద కనిపించే పొడవాటి శాలువా అంటే చాలామందికి గుర్తొస్తుంది కాబట్టి, అదేమిటో ఎలా కప్పుకోవాలో మళ్లీ రాయను. నాకు దీని కుచ్చులంటే ప్రాణం. ఈ రివ్యూ వాటి కోసమే.

మనం చీర కొంగుకి కుచ్చులు విడిగా వేయించుకుంటాం. పాడైతే కత్తిరించి కొత్తవి పెట్టిస్తాం. రెబోసోకి ఆ వీలు లేదు. నేత అయ్యాక రెండు చివర్లా పడుగు (నిలువు) దారాల్ని పొడవుగా వదిలేస్తారు. ఆ దారాలనే కొన్ని కొన్నిగా పట్టుకుని, సూదీ కొక్కెం లేకుండా, వేళ్లతోనే ముడులు వేసుకుంటూ వెళతారు. ముడికీ ముడికీ మధ్య ఖాళీల్లోంచి వజ్రాలు, పూలు, పక్షులు తేలతాయి. ఏకంగా పేర్లే ముడి వేసినవీ ఉంటాయి. ఈ భాగాన్ని రపసేహో అంటారు. నేసేవాళ్లు వేరు, ముడులు వేసేవాళ్లు వేరు. ముడుల పని ఎక్కువగా ఆడవాళ్లది, ఇంటి పనుల మధ్య కూర్చుని చేస్తారు. కాస్త పెద్ద డిజైనయితే ఒక్క రెబోసోకే వారాలు, నెలలు పడుతుంది. నేను కట్టిన డబ్బులో సగం దానికే అనుకుంటాను, అందులో ఒక్క డాలరు కూడా ఎక్కువ అనిపించలేదు.

నాదేమో మెక్సికోలో, ఆ దేశం పేరే ఉన్న రాష్ట్రంలోని తెనన్‌సింగో ఊళ్లో నేసింది. పట్టువాటికి పేరుపొందింది సాన్ లూయిస్ పొటోసీ రాష్ట్రంలోని సాంటా మరియా డెల్ రియో అనే ఊరు. అక్కడ ఒక కొస నడుముకి కట్టుకునే మగ్గం మీద నేస్తారు. ఆ పట్టు రెబోసో ఉంగరంలోంచి దూరిపోతుందని షాపులో చూపించారు. నా నూలుది దూరదు, దాని నుంచి అది ఆశించకూడదు కూడా.

మా అమ్మ నల్గొండ నుంచి వచ్చినప్పుడు దీన్ని వెలుతురులో పట్టుకుని చూసి, "ఇది మన చిటికి పనే కదా బిడ్డా" అంది. నిజమే. నేయడానికి ముందే దారాల్ని కట్టలు కట్టి, కట్టిన చోట రంగు ఎక్కకుండా అద్దకం వేస్తారు. చుక్క అంచులు కొద్దిగా చెదిరినట్టు ఉండేది అందుకే. అమ్మ పోచంపల్లి నేతతో పాటే పెరిగిన మనిషి, ఆ చెదురు కనిపించగానే పట్టేసింది. తేడా ఒకటే: మన చిటికి నేతల్లో ఒకటైన తేలియా రుమాల్లో పడుగు, పేక (అడ్డ దారం) రెండూ కట్టి అద్దుతారు, రెబోసోలో పడుగు ఒక్కటే.

ఇక అసలు సంగతి. మా చిన్నోడి బూట్లకి వెల్‌క్రో పట్టీలున్నాయి. కారు సీట్లోంచి వాణ్ని ఎత్తుకుంటుంటే ఆ పట్టీకి కుచ్చులు చిక్కుకున్నాయి, వాడు కాలు విదిలించాడు. జానెడు మేర ముడులు ఊడిపోయాయి, ఐదారు దారాలు మొదట్లోనే తెగాయి. ఆ రోజంతా నాకు మనసు మనసులో లేదు. దారం కొసల్ని టేపుతో అట్టకి అంటించి షాపుకి పట్టుకెళ్లాను.

షాపు ఆవిడ బల్ల మీద పరిచి, తెగిన దారాల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టింది. "ఇక్కడ ఎవరూ చేయలేరండీ, మా వదిన వాళ్లు ఊరెళ్లేటప్పుడు పంపిస్తాను, తొందరపెట్టకూడదు మరి" అంది. నేను ఆశ పెట్టుకోలేదు. చాలా నెలల తర్వాత ఫోన్ వచ్చింది. తెగిన చోట కొత్త దారాలు అతికి, చుట్టూ ఉన్న మంచి ముడులు కూడా కొన్ని విప్పి, మొత్తం కలిపి మళ్లీ వేశారు. ముడులు వేసినావిడ కూలి మాత్రమే తీసుకున్నారు. అమ్మేసిన వస్తువుని అన్నాళ్లకి వెనక్కి తీసుకుని, దాన్ని చేసిన చేతుల దాకా పంపించే షాపు నాకు ఇంకోటి తెలీదు. బాగుచేసిన చోటు పోల్చుకోగలను. ఆ ముడులు కొంచెం బిగువు, కొత్త దారం నీలం కాస్త మెరుపు. నాకది నచ్చింది.

అప్పట్లో స్నేహితులందరికీ "రంగు అస్సలు పోదు" అని చెప్పాను. ఇప్పుడు ఆ మాట కొంచెం సవరించాలి. చల్లటి నీళ్లలో విడిగా ఉతికినప్పుడల్లా కాస్త నీలం దిగుతూనే ఉంది, తెల్ల చుక్కలు ఇప్పుడు అంత తెల్లగా లేవు. మెడ దగ్గర మడత పడే చోట వెలిసింది కూడా. వాషింగ్ మెషీన్ మాటే వద్దు, కుచ్చులు ఉండలు కట్టేస్తాయి. ఉతికాక తడి మీదే వేళ్లతో దువ్వి ఆరేయాలి, దానికి ఓపిక కావాలి.

ఆన్‌లైన్‌లో పాతిక డాలర్లకి దొరికేవాటిని రెండు చూశాను. చుక్కలు ప్రింటు, కుచ్చులు అంచుకి కుట్టినవి. కొనేముందు కుచ్చు దారం గుడ్డలోంచే వస్తోందా లేదా అన్నది తిరగేసి చూడండి.

కొనమని అందరికీ చెప్పలేను. నాది ఏడాది పొడవునా ఏసీ వణికించే ఆఫీసు, కాబట్టి రోజూ భుజం మీద ఉంటుంది. హైదరాబాద్ ఎండల్లో ఈ మందం ఎన్ని రోజులు వాడతారో మీరే ఆలోచించుకోండి. చంటిపిల్లలుంటే, కుచ్చులు తక్కువ పొడవున్నది అడగండి. మెక్సికోలో తల్లులు తరతరాలుగా పిల్లల్ని వీపున కట్టుకున్నది రెబోసోతోనే, అయినా ఆ కాలంలో వెల్‌క్రో లేదు కదా. మా వాడు లేసుల బూట్లకి మారాక నల్లది ఒకటి కొంటానని ఆవిడకి చెప్పి ఉంచాను.