నోబెల్‌యాక్టివ్ ఇంప్లాంట్: మెత్తని ఎముకకు వరం, గట్టి ఎముకలో గండం

ఇంప్లాంట్ అంటే పోయిన పన్ను చోట దవడ ఎముకలో దించే టైటానియం వేరు. నోబెల్ బయోకేర్ కంపెనీ వారి ఈ ఇంప్లాంట్‌లో ముందు కంటపడేవి దాని మరలు. లోతుగా, పదునుగా, జంట వరుసల్లో చుట్టుకుని ఉంటాయి. ఒళ్లు కొన దగ్గర సన్నం, పైకొచ్చేకొద్దీ లావు, మెడ దగ్గర మళ్లీ లోపలికి తగ్గుతుంది. దీని మంచీ చెడూ ఈ ఆకారం వల్ల వచ్చేవే.

పైదవడ వెనక భాగంలో ఎముక స్పాంజిలా ఉంటుంది. అక్కడ రంధ్రం కాస్త సన్నంగా వేసి దించితే, ఎముకను పక్కలకు నొక్కి గట్టిపరుచుకుంటూ దిగుతుంది. నిటారు గోడల ఇంప్లాంట్ వదులుగా తిరిగే చోట ఇది పట్టేస్తుంది. ఈ పనిలో దీనికి పూర్తి మార్కులు ఇవ్వాలి.

కింది దవడ ముందు భాగానికి వస్తే లెక్క మారుతుంది. అక్కడి గట్టి ఎముక నొక్కితే లొంగదు. డ్రిల్ ఒక సైజు ముందే ఆపేస్తే టార్క్, అంటే ఇంప్లాంట్‌ను తిప్పడానికి పట్టే బలం, సర్రున పెరుగుతుంది. కంపెనీ పెట్టిన హద్దు 70 న్యూటన్ సెంటీమీటర్లు, 3.0 మి.మీ. వ్యాసం ఉన్న సైజుకైతే 45. అది దాటితే ఎముక పై గట్టి పొరలో రక్తప్రసరణ ఆగి, మెడ చుట్టూ ఎముక చచ్చి కరిగిపోయే ప్రమాదం ఉంది. బిగుసుకుందనిపించగానే రాచెట్ (ఇంప్లాంట్‌ను తిప్పే చేతి పరికరం) మీద బలం పెట్టకండి. కొన్ని చుట్లు వెనక్కి తిప్పండి. ఇంప్లాంట్ కొన దగ్గరి అంచులు ఎటు తిప్పినా ఎముకను కోస్తాయి. అప్పటికీ దిగకపోతే బయటకు తీసి, తర్వాతి సైజు డ్రిల్ వేయండి. టార్క్ ఎంత ఎక్కువైతే అంత మేలనుకోవడం పెద్ద పొరపాటు.

పన్ను పీకిన గుంటలో వెంటనే పెట్టేటప్పుడు ఇంకో చిక్కు: ఇంప్లాంట్ మెత్తని వైపుకి, అంటే పెదవి వైపు పలచటి గోడ మీదికి జారుతుంది. రంధ్రాన్ని అంగిలి వైపు గోడలోనే వేసి, దించుతున్నంతసేపూ చేతిని అటే అదిమి ఉంచాలి.

నమిలేటప్పుడు ఒత్తిడి ఎక్కువగా పడేది పై గట్టి పొరలో, మొదటి కొన్ని మరల చుట్టూ. టైటానియం ఆ ఎముక కంటే చాలా రెట్లు బిరుసు కాబట్టి కిందిదాకా సమంగా పంచదు. మెడ తగ్గడం వల్ల అక్కడ ఎముకకు చోటు మిగులుతుంది. అబట్‌మెంట్ (ఇంప్లాంట్‌కూ పై పంటికీ మధ్య ముక్క) అతుకు కూడా శంకువులా లోపలికి దిగి, ఎముక అంచుకు దూరంగా ఉంటుంది. ఎముక వెడల్పు చాలితే 3.5 నుంచి 4.3 మి.మీ.కి వెళ్లడం పొడవు పెంచడం కంటే ఎక్కువ మేలు చేస్తుంది. 3.0 మాత్రం దవడపళ్లకు వద్దు. అది పైన పక్క కొరికే పళ్లకూ, కింద ముందున్న కొరికే పళ్లకూ మాత్రమే.