రెండు రోజుల ప్రయాణానికి ట్రాలీ మేలా, వీపు సంచి మేలా?

శనివారం ఉదయం హైదరాబాదులో బయలుదేరి ఆదివారం రాత్రికి ఇల్లు చేరే ప్రయాణానికి చక్రాల ట్రాలీ, వీపున తగిలించుకునే సంచి, భుజానికి వేలాడే డఫెల్ బ్యాగు అనే మూడింటిలో ఏది మేలో తేల్చుకోవడానికి చాలామంది వాటిలో ఎంత సామాను పడుతుందో చూస్తారు. రెండు జతల బట్టలు, ఒక తువ్వాలు, మందులు, ఛార్జరు ఈ మూడింటిలో దేనిలోనైనా సులువుగా పడతాయి కాబట్టి ఆ కొలతతో తేలేదేమీ లేదు. ఇంటి గుమ్మం దాటింది మొదలు బస చేసే గది చేరేదాకా ఆ సంచిని ఎన్నిసార్లు చేత్తో ఎత్తవలసి వస్తుందన్నదే చూడవలసిన విషయం. ఆ లెక్క వేసుకుంటే మన నగరం నుంచి వెళ్లే ప్రయాణాల్లో ఎక్కువ వాటికి వీపు సంచే మేలని నా అభిప్రాయం.

కూకట్‌పల్లిలో ఉండే ఒకరు ఆర్టీసీ బస్సులో శ్రీశైలం వెళ్తున్నారనుకుందాం. హైదరాబాదు నుంచి దూరం సుమారు 215 కిలోమీటర్లు. నల్లమల అడవి దారిని రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంచుతారు కనుక శుక్రవారం ఆఫీసు ముగించుకొని బయలుదేరితే ప్రయోజనం ఉండదు, శనివారం ఉదయమే కదలాలి. ఇంటి మెట్లు దిగడం, ఆటో ఎక్కడం, మెట్రో స్టేషనులో తనిఖీ యంత్రం మీద సామాను పెట్టి మళ్లీ తీసుకోవడం, ఎంజీబీఎస్‌లో దిగి బస్టాండులోకి నడవడం, బస్సు మెట్లెక్కడం, చివరికి సత్రం మెట్లెక్కడం అన్నీ కలిపితే ట్రాలీని దొర్లించే చోట్ల కంటే మోసే చోట్లే ఎక్కువ. చక్రాలకు నున్నటి నేల కావాలి. పలకలు లేచిపోయిన కాలిబాట మీదా, బస్టాండు బయటి గుంతల మీదా ట్రాలీ పిడిని పట్టుకొని లాగేవారు కాసేపటికి దాన్ని చేత్తో మోయడం మొదలుపెడతారు. గది ఖాళీ అయ్యేదాకా ఆగవలసి వస్తే, కొండ కింద కృష్ణ ఒడ్డున ఉన్న పాతాళగంగకు వెళ్లాలన్నా ట్రాలీని ఎక్కడైనా అప్పగించాలి. వీపు సంచితో రోప్‌వేలోనైనా, మెట్ల మీదైనా చేతులు ఊపుకుంటూ దిగవచ్చు.

బస్సులో చోటు సంగతి కూడా ఆలోచించాలి. మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చాక ఆ బస్సులు నిండుగా నడుస్తున్నాయి. ఇంతమంది ఆడవాళ్లు ఇల్లు దాటి ఊళ్లు తిరగగలగడం నాకెంతో సంతోషం కలిగించే మార్పు. అటువంటి బస్సులో నడవాలో నిలబెట్టిన ట్రాలీ ఎక్కేవారికీ దిగేవారికీ అడ్డమే. వీపు సంచి ఒళ్లో ఇముడుతుంది. డిక్కీ ఉన్న సూపర్ లగ్జరీ బస్సులో ఈ ఇబ్బంది ఉండదు కాబట్టి అక్కడ ట్రాలీని తప్పుపట్టను.

రైలు విషయంలో బరువు బెంగ లేదు. స్లీపరులోనూ, థర్డ్ ఏసీలోనూ 40 కిలోల దాకా ఉచితంగా తీసుకువెళ్లవచ్చు. తేడా అంతా స్టేషనులోనే ఉంది. నాంపల్లి చివరి స్టేషను కావడం వల్ల ప్లాట్‌ఫారాలకు వంతెన ఎక్కనవసరం లేకుండానే చేరవచ్చు, అక్కడ ట్రాలీ చక్కగా దొర్లుతుంది. సికింద్రాబాదులో ప్లాట్‌ఫారం మారవలసి వచ్చి, ఎస్కలేటరు దగ్గర జనం కిక్కిరిసి ఉంటే అదే ట్రాలీతో అవస్థ పడాలి.

విమాన ప్రయాణానికి ట్రాలీయే తగినదని అందరూ అనుకుంటారు గానీ, అక్కడే లెక్క తారుమారవుతుంది. దేశీయ విమానాల్లో చేత తీసుకువెళ్లే సంచి సాధారణంగా 7 కిలోలు దాటకూడదు, పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 115 సెంటీమీటర్లకు మించకూడదు. గట్టి డొప్పతో చేసిన చిన్న ట్రాలీ ఖాళీగానే రెండున్నర నుంచి మూడు కిలోలు తూగుతుంది. సాదా వీపు సంచి బరువు దాదాపు ఒక కిలో. అంటే ట్రాలీలో మన సామానుకు నాలుగు, నాలుగున్నర కిలోలే మిగిలితే, వీపు సంచిలో ఆరు కిలోలు మిగులుతాయి. అయినా నడుము నొప్పి, మెడ నొప్పి ఉన్నవారికి శంషాబాదు విమానాశ్రయం నున్నటి నేల మీద ట్రాలీయే మేలు. ఆరోగ్యం ముందు ఈ లెక్కలేవీ నిలవవు.

డఫెల్ బ్యాగు సొంత కారులో వెళ్లేవారికి బాగుంటుంది. మెత్తగా ఉండి డిక్కీలో ఏ మూలైనా అణిగిపోతుంది. నడవవలసి వస్తే బరువంతా ఒకే భుజం మీద పడుతుంది కనుక బస్సు, రైలు ప్రయాణాలకు నేను దాన్ని సూచించను.

వీపు సంచికి ఉన్న లోపాలను దాచకూడదు. మే నెల ఎండలో వీపంతా చెమటతో తడిసిపోతుంది, చొక్కాలు నలుగుతాయి, రద్దీలో వెనుక జిప్పు ఎవరు తెరిచినా తెలియదు కాబట్టి జనంలో దాన్ని ముందుకు వేసుకోవాలి. పైనుంచి మాత్రమే తెరుచుకునే సంచిలో అడుగున ఉన్న వస్తువు కావాలంటే అంతా బయట పెట్టాలి. అందువల్ల చుట్టూ జిప్పు తిరిగి పెట్టెలా తెరుచుకునేదీ, ఛాతీకీ నడుముకీ పట్టీలు ఉన్నదీ, 30 నుంచి 35 లీటర్లకు మించనిదీ ఎంచుకోవాలి. బరువైన వస్తువులను వీపుకు ఆనుకునేలా సర్దితే సంచి వెనక్కి లాగదు. వానాకాలంలో పైతొడుగు తప్పనిసరి.

సంచి తేలిక కావాలంటే లోపలి వస్తువులను కూడా ఇలాగే తూచి చూసుకోవాలి. మందపాటి టర్కీ తువ్వాలు బరువెక్కువ, తడిస్తే ఒక పట్టాన ఆరదు. పలుచని నేత తువ్వాలు అందులో సగం బరువైనా ఉండదు, కిటికీకి ఆరవేస్తే త్వరగా ఆరిపోతుంది. జీన్స్ తీసుకువెళ్లి తీరాలనుకుంటే దాన్ని ఒంటి మీద వేసుకొని, సంచిలో పలుచని నూలు ప్యాంటు పెట్టుకోవడం మంచిది. శ్రీశైలంలో స్పర్శ దర్శనానికి సంప్రదాయ దుస్తులు కావాలి గనుక పంచె, కండువా మడిచి పెట్టుకోవాలి, వాటికి పట్టే చోటు ఎంతో కాదు. పవర్ బ్యాంకును విమానంలో లగేజీకి వేసే సామానులో పెట్టనివ్వరు, అది చేతి సంచిలోనే ఉండాలి.

ట్రాలీని నిస్సందేహంగా ఎంచుకోవలసిన ప్రయాణం పెళ్లి ప్రయాణం. పట్టుచీరలు, ఇస్త్రీ మడతలు చెడకూడని చొక్కాలు, నగల పెట్టె వీపు సంచిలో ఇమడవు. పసిపిల్లలతో వెళ్లే దంపతులకు కూడా ఇద్దరికీ రెండు సంచుల కంటే, ఇంటిల్లిపాది బట్టలకు ఒక ట్రాలీ, పాలసీసా, డైపర్లు, మందులు ఉంచుకోవడానికి ఒక చిన్న వీపు సంచి తీసుకోవడం అనుకూలం. ఒకరు ట్రాలీ లాగుతుంటే, వీపు సంచి వేసుకున్నవారి చేతులు రెండూ బిడ్డను ఎత్తుకోవడానికి ఖాళీగా ఉంటాయి.